పింఛను కాగితాల నుంచి డీజిల్ పంపుల వర్క్‌షాపు దాకా: నా అనుభవం

2000 మార్చిలో సైన్యంలో వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ కోర్‌లో వెహికల్ మెకానిక్‌గా చేరిన నేను ఇరవై నాలుగేళ్ల సర్వీసు పూర్తిచేసి, 2024 మార్చి 31న హవల్దారుగా డిశ్చార్జి అయ్యాను. 2025 మార్చిలో అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న మార్కాపురం దగ్గర ట్రాక్టరు ఇంజన్లలోకి ఇంధనం పంపే డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే వర్క్‌షాపు తెరిచాను. ఈ రెండు తేదీల మధ్య గడిచిన ఏడాది గురించి రాయదలచుకున్నాను. సర్వీసులో ఉండగా సలహాలు ఇచ్చినవారు చాలామందే ఉన్నారు గాని, డిశ్చార్జికీ మొదటి సంపాదనకూ మధ్య ఇల్లు ఎలా నడుస్తుందో, ఏ కాగితం కోసం ఎన్నాళ్లు ఆగవలసి వస్తుందో నాకు వివరంగా చెప్పినవారు లేరు.

డిశ్చార్జి పని ఏడాది ముందే మొదలవుతుంది. 2023 వేసవిలో పింఛను పత్రాలు నింపేటప్పుడు మా యూనిట్ హెడ్ క్లర్కు సాబ్ నా సర్వీసు రికార్డునూ, మా ఇంటిల్లిపాది ఆధార్ కార్డులనూ పక్కపక్కన పెట్టి చూశారు. రికార్డులో నా భార్య పేరు ఇంటిపేరు లేకుండా ఉంది, పుట్టిన తేదీ ఉండవలసిన చోట సంవత్సరం మాత్రమే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పూర్తి తేదీ ఉన్నాయి. సైనిక పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన స్పర్శ్‌లో వివరాలు కలవకపోతే రేపు కుటుంబ పింఛను దగ్గర కష్టపడేది ఆమేనని ఆయన పట్టుబట్టి, అఫిడవిట్ తెప్పించి, కొత్తగా పార్ట్-2 ఆర్డరు (సర్వీసు రికార్డులో మార్పును నమోదుచేసే ఉత్తర్వు) వేయించి, సికిందరాబాద్‌లోని రికార్డ్స్ ఆఫీసులో అది నమోదైనట్టు తెలిసేదాకా నా పత్రాలను ముందుకు కదలనివ్వలేదు. దీనికి మూడు నెలలు పట్టింది. నాతోపాటే డిశ్చార్జి అయిన మరో హవల్దారు ఇదే సవరణను ఇంటికి వచ్చాక మొదలుపెట్టాడు. నేను ఇది రాస్తున్న 2025 అక్టోబరు నాటికి కూడా అతని పని పూర్తికాలేదు. యూనిఫాం మీద ఉండగా మన కాగితాల వెనుక ఒక క్లర్కు, ఒక అడ్జుటెంట్, ఒక యూనిట్ ముద్ర ఉంటాయి. బయటికి వచ్చిన మరుసటి రోజు నుంచి ఆ కాగితాల వెనుక ఉండేది మనం ఒక్కరమే. సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోవాలని నా కోరిక.

రిలీజ్ మెడికల్ బోర్డు (డిశ్చార్జికి ముందు జరిగే వైద్య పరీక్ష) గురించి కూడా ఒక మాట చెప్పాలి. లేహ్‌లో పనిచేసినప్పుడు నా మోకాలికి దెబ్బ తగిలింది. చాలామంది ఇంటికి వెళ్లే తొందరలో ఇలాంటివి డాక్టరుకు చెప్పకుండా సంతకం పెట్టేస్తారు. నేను చెప్పాను, పాత ఆసుపత్రి కాగితాలు చూపించాను, వివరాలు బోర్డు పత్రాల్లోకి ఎక్కాయి. దానివల్ల నాకు అదనంగా పింఛనేమీ రాలేదు గాని, రేపు ఆ మోకాలు ఇబ్బందిపెడితే చూపించడానికి ఒక ఆధారం మిగిలింది.

డిశ్చార్జి నాటి బడాఖానా (విందు), దండలు, ఫొటోలు అందరికీ ఉండేవే. నన్ను కుదిపినది ఐడెంటిటీ కార్డు అప్పగించిన క్షణం. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి రైల్లో, గేటు దగ్గర, రాత్రి గస్తీలో ఎవరు అడిగినా తీసి చూపిన కార్డు అది. దాన్ని బల్లమీద పెట్టి రసీదు తీసుకుని బయటికి వచ్చాక, తిరుగు ప్రయాణంలో టికెట్ తనిఖీకి వచ్చినాయన గుర్తింపు కార్డు అడిగితే చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్లింది. ఆధార్ తీసి చూపించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాజీ సైనికుల గుర్తింపు కార్డు చేతికి వచ్చేదాకా నేను ఎవరినని చెప్పుకోవడానికి ఏమీ లేదన్న బాధ ఉండేది. ఇది చిన్న విషయమని అనుకునేవారికి నేను కాదని చెప్పగలను.

డబ్బు విషయానికి వస్తే, మొదటి పింఛను ఏప్రిల్ నెలాఖరుకే ఖాతాలో పడింది. గ్రాట్యుటీ, ఏఎఫ్‌పీపీ నిధి (సైనికుల భవిష్య నిధి), గ్రూప్ ఇన్సూరెన్సు, సెలవు జీతం, కమ్యుటేషన్ (పింఛనులో ఒక భాగానికి బదులు ముందే ఒకేసారి ఇచ్చే సొమ్ము) మొత్తాలు ఒకేసారి రాలేదు. ఏప్రిల్ నుంచి జూన్ లోపల వేర్వేరు తేదీల్లో వచ్చాయి. సైన్యంలో సగం పింఛను దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, నేను ఆ సగమూ చేసుకున్నాను. నా వయసువారికి కమ్యూట్ చేసిన పింఛను మీద తొమ్మిదేళ్లకు కొంచెం పైబడిన మొత్తం ముందుగా చేతికి వస్తుంది, కోత మాత్రం పదిహేనేళ్లపాటు కొనసాగుతుంది. కరువు భత్యం పూర్తి పింఛను మీదే లెక్కకడతారు కాబట్టి కోతపోగా నెలకు 26,000 చిల్లర చేతికి వస్తోంది. కమ్యుటేషన్ కింద 14 లక్షలకు పైగా వచ్చింది. అందులో పెద్ద భాగం ఇంటి అప్పుకు పోయింది. పెద్ద మొత్తం వచ్చిన సంగతి చుట్టాలకు నాకంటే ముందే తెలిసింది. చేబదుళ్లు అడిగినవారికి కాదని చెప్పడం నాకు సరిహద్దు డ్యూటీకంటే కష్టమైంది. ఆ రోజుల్లో మా ఆవిడ, “ఏమండీ, మన దగ్గర ఉన్నది ఇరవై నాలుగేళ్ల జీతం, ఒక్క నెలది కాదు” అని గుర్తుచేస్తూ ఉండేది. మిగిలిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చాను.

మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ సభ్యత్వానికి హవల్దారు వరకు ర్యాంకులవారు ఒకసారి కట్టవలసినది 30,000 రూపాయలు. కార్డు రావడానికి సమయం పడుతుంది గాని అందాకా తాత్కాలిక స్లిప్పు పనికివస్తుంది, దాన్ని లామినేషన్ చేయించి పెట్టుకోవడం మంచిది. మే నెలలో ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకున్నాను. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు), ఆధార్, పాన్, ఫొటోలు అడిగారు. డిశ్చార్జి బుక్కులోని ప్రతి పేజీకి నాలుగైదు జిరాక్సు ప్రతులు తీయించి ఉంచుకోండి. ఆ తర్వాత ఏడాది పొడవునా ఎక్కడికి వెళ్లినా అడిగిన మొదటి కాగితం అదే. మా అమ్మాయి ఆ ఏడాదే బీటెక్‌లో చేరింది. కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా వచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో ఎంపికైన ఆడపిల్లలకు నెలకు 3,000 రూపాయల చొప్పున ఇస్తారు. రికార్డులో ఆమె పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిసినందువల్ల ఆ దరఖాస్తుకు ఏ అడ్డంకీ రాలేదు.

ఇక ఏం చేయాలన్నది. మాజీ సైనికులను కాపలా పనికి తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరమని కొందరు, బ్యాంకులో గార్డు ఉద్యోగానికి ప్రయత్నించమని కొందరు చెప్పారు. అవి గౌరవమైన పనులే. కాని నా చేతిలో ఒక పని ఉంది, దాన్ని వదిలి గేటు దగ్గర కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. మార్కాపురం చుట్టుపక్కల ట్రాక్టరు మెకానిక్కులకు కొదువ లేదు. డీజిల్ పంపు లోపలి పని వస్తే మాత్రం రైతు పంపు విప్పించి, గోతంలో చుట్టి, ఒంగోలుకో ఇంకా దూరానికో పంపుకోవలసి వస్తోందని సెలవుల్లో వచ్చినప్పుడల్లా గమనించాను. దుక్కుల సమయంలో ట్రాక్టరు మూడు రోజులు ఆగితే ఆ రైతుకు ఒక పదును పోయినట్టే. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు వచ్చాయి, వాటితోపాటు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వ్యవస్థలు వస్తున్నాయి. అయితే మా వైపు పొలాల్లో తిరిగేవి ఎక్కువగా 50 లోపు హెచ్‌పీవి, పాత పద్ధతి మెకానికల్ పంపులతో నడిచేవి. ఇంకో పదేళ్లకు తక్కువ కాకుండా ఈ పని ఉంటుందని నా అంచనా.

ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. ఫీల్డులో మేం పంపు విప్పి, కొత్తది బిగించి, టైమింగ్ పెట్టేవాళ్లం. పంపు లోపలి మరమ్మతు వెనుక ఉండే పెద్ద వర్క్‌షాపుల్లో జరిగేది. సైన్యం వాడే స్టాలియన్ లారీ ఇంజను ఎత్తైన చోట ఎందుకు పొగ కక్కుతుందో చెప్పగలను గాని, టెస్ట్ బెంచ్ అనే పరీక్ష యంత్రం మీద పంపును కాలిబ్రేట్ చేసిన (కొలత చూసి సరిచేసిన) అనుభవం నాకు తక్కువ. డీజీఆర్ (రక్షణ శాఖలోని పునరావాస విభాగం) ఇచ్చే శిక్షణకు చివరి ఏడాదిలో యూనిట్ నుంచి వెళ్లే వీలు కలగలేదు. అందుకని 2024 జూన్‌లో ఒంగోలులో ఒక డీజిల్ పంపుల షాపు యజమానిని కలిసి, జీతం వద్దు, పని నేర్పండి అని అడిగాను. మా ఊరు అక్కడికి దూరం కాబట్టి ఆయన బేరానికి నేను అడ్డురానని తెలిసి ఒప్పుకున్నారు.

ఆ షాపులో మేస్త్రి నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. మొదటి వారాలన్నీ విప్పిన భాగాలను డీజిల్‌లో కడగడమే నా పని. కింద ఎనిమిది మంది జవాన్లను పెట్టుకుని పని చేయించిన నేను, ఆ కుర్రవాడు “మిలిటరీ అన్నా, ఆ బ్రష్ ఇటివ్వు” అంటే లేచి ఇవ్వడానికి మొదట్లో మనసును సర్దిచెప్పుకోవలసి వచ్చింది. కాని అతని చేతి నైపుణ్యం చూశాక ఆ ఇబ్బంది పోయింది. బెంచ్ మీద పంపును బిగించి నిర్ణీత వేగంతో తిప్పినప్పుడు ఒక్కో ఎలిమెంట్ (ఒక్కో సిలిండరుకు డీజిల్ నెట్టే లోపలి భాగం) నుంచి వచ్చే నూనె ఎదురుగా ఉన్న గాజు గొట్టాల్లో చేరుతుంది. మూడు సిలిండర్ల పంపుకు మూడు గొట్టాల్లోనూ మట్టం సమానంగా ఉండాలి. అతను ఆ గొట్టాల వైపు ఒక్క చూపు చూసి ఏ ఎలిమెంట్ అరిగిందో చెప్పేవాడు. దుమ్మే ఈ పనికి అసలు శత్రువని, కంటికి కనిపించని ఇసుకరేణువు కొత్త ఎలిమెంట్‌ను గీసేస్తుందని నేర్చుకున్నది అతని దగ్గరే. నవంబరు వరకు అక్కడే ఉన్నాను. గది అద్దె, భోజనం కలిపి నెలకు 7,000 రూపాయలు ఖర్చయ్యేది. ఆ ఏడాదిలో నేను పెట్టిన ఖర్చుల్లో దీనంత విలువైనది మరొకటి లేదు.

పెట్టుబడి కోసం కొత్త వ్యాపారాలకు సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీకి వెళ్లాను. ఇందులో మాజీ సైనికులను ప్రత్యేక వర్గంగా లెక్కిస్తారు. సొంత వాటా 5 శాతం ఉంటే చాలు. సబ్సిడీ పట్టణ ప్రాంతంలో 25 శాతం, గ్రామీణ ప్రాంతంలో 35 శాతం. మొదట ఊళ్లో బస్టాండుకు దగ్గరగా ఒక గది చూశాను. అది మున్సిపాలిటీ పరిధిలోది. అక్కడికి కాస్త దూరంలో రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు పంచాయతీ పరిధిలోది. నేను వేసుకున్నది పది లక్షల ప్రాజెక్టు, అంటే ఆ కాస్త దూరానికి లక్ష రూపాయల తేడా. షెడ్డునే ఖాయం చేసుకున్నాను. ట్రాక్టర్లు నిలపడానికి స్థలం కూడా అక్కడే ఎక్కువ. అడ్వాన్సు 30,000, నెల అద్దె 6,000.

2024 ఆగస్టులో ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టాను. ప్రాజెక్టు రిపోర్టు, యంత్రాల కొటేషన్లు, చదువు సర్టిఫికెట్, డిశ్చార్జి బుక్కు, షెడ్డు లీజు పత్రం, పంచాయతీ కార్యదర్శి ఇచ్చే గ్రామీణ ప్రాంత ధ్రువీకరణ జతచేశాను. ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడానికి ఒకాయన 8,000 అడిగాడు. నేను ఆ డబ్బు ఇవ్వకుండా కొటేషన్లు ముందు పెట్టుకుని, నెలకు ఎన్ని పంపులు వస్తాయో, ఒక్కోదానికి కూలి ఎంతో సొంతంగా లెక్క రాసుకున్నాను. తర్వాత బ్యాంకులో ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబు చెప్పగలిగింది అందువల్లే. జిల్లా పరిశ్రమల కేంద్రం పరిశీలన పూర్తయి సెప్టెంబరులో ఫైలు బ్యాంకుకు చేరింది.

అక్కడ ఆగిపోయింది. ఆ శాఖలో మర్యాదగానే కూర్చోబెట్టేవారు, వచ్చే వారం చూద్దామనేవారు. రెండు నెలలు గడిచాక ఇంటి పత్రాలు హామీగా పెట్టమన్నారు. నాకు కావలసిన అప్పు తొమ్మిదిన్నర లక్షలు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు పది లక్షల వరకు ఇచ్చే రుణాలకు హామీ ఆస్తి అడగకూడదని అప్పట్లో రిజర్వు బ్యాంకు నిబంధన ఉండేది. ఆ మాట నెమ్మదిగా చెప్పి, ఇల్లు నా భార్యాపిల్లలదని, దాన్ని పెట్టనని అన్నాను. ఆ తర్వాత వారం రోజులకు ఫైలు తిరస్కరించినట్టు ఫోనుకు సందేశం వచ్చింది.

ఈ పథకంలో మొదటి రుణం కొత్తగా పెట్టే యూనిట్లకే ఇస్తారు. సాంక్షన్‌కు ముందే పని మొదలుపెడితే పాత యూనిట్ కింద లెక్కవేసి అనర్హుడని తేల్చే ప్రమాదం ఉంది. అంటే షెడ్డుకు అద్దె కడుతున్నా, చేతిలో పని ఉన్నా, తెలిసిన రైతు పంపు తెచ్చి ముందు పెట్టినా ముట్టుకోవడానికి లేదు. డిసెంబరు మొత్తం అలాగే గడిచింది. ఇరవై నాలుగేళ్లలో ఏ ఉదయమూ పని లేకుండా లేవని నాకు ఆ నెల ఎంత బరువుగా గడిచిందో చెప్పడం కష్టం. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదేమో అనిపించేది. ఆ బరువును కాస్త తగ్గించినది సైనిక సంక్షేమ కార్యాలయంలో పరిచయమైన ఒక రిటైర్డు సుబేదారు సాబ్. దరఖాస్తులో ప్రత్యామ్నాయంగా రాసిన రెండో బ్యాంకుకు ఫైలు మళ్లించమని అడగవచ్చని ఆయన చెప్పారు. ఆ రెండో బ్యాంకు మేనేజరు స్వయంగా షెడ్డుకు వచ్చి, నా లెక్కల కాగితం చూసి, ఒంగోలు షాపు యజమానితో ఫోనులో మాట్లాడి, 2025 జనవరి మూడో వారంలో సాంక్షన్ లెటరు ఇచ్చారు.

నా వాటా 50,000 కట్టాను, ఈడీపీ (వ్యాపారం నడపడం నేర్పే) శిక్షణ పూర్తిచేశాను, చిన్న పరిశ్రమలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితంగా ఆన్‌లైన్‌లో నేనే చేసుకున్నాను. దానికి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. సబ్సిడీ మూడున్నర లక్షలు మన చేతికి రావు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి, అంత మేరకు అప్పు మీద వడ్డీ వేయరు, మూడేళ్లూ యూనిట్ సక్రమంగా నడిచి తనిఖీ అయ్యాక అప్పులో జమవుతాయి. సబ్సిడీ వస్తుంది కదా అని ఆ సొమ్మును ముందే ఖర్చులో వేసుకున్నవారు ఇబ్బందిపడటం చూశాను.

యంత్రాలలో పెద్దది టెస్ట్ బెంచ్. దాని తర్వాత నాజిల్ టెస్టరు, కంప్రెసరు, పనిముట్లు, దుమ్ము రాకుండా అద్దాలతో కట్టించిన గది. నేను వేసుకున్న లెక్కలో లేనిది కరెంటు. బెంచ్ మోటారుకు మూడు ఫేజులు కావాలి, షెడ్డుకు ఉన్నది ఒక్కటే. కొత్త సర్వీసుకు డిపాజిట్టు, స్తంభం, తీగ, మీటరు కలిపి దాదాపు 40,000 అయింది. బెంచ్ వచ్చి పెట్టెలో ఉన్న తర్వాత మరో నెల ఆగవలసి వచ్చింది. షెడ్డు లీజు రాసుకున్న రోజే కరెంటు దరఖాస్తు కూడా పెట్టుకోవాలని ఎవరికైనా చెబుతాను.

2025 మార్చిలో తెరిచాం. మార్చి, ఏప్రిల్, మే మా వైపు ట్రాక్టర్లకు పని తక్కువ ఉండే నెలలు. వచ్చిన పంపుల కూలి అద్దెకూ కరెంటుకూ సరిపోయేది, అప్పు వాయిదాలకు మొదటి నెలల్లో విరామం ఉండబట్టి తట్టుకున్నాం, ఇల్లు పింఛనుతో నడిచింది. జూన్‌లో తొలకరి పడగానే పరిస్థితి మారింది. తెల్లవారేసరికి షెడ్డు ముందు ట్రాక్టర్లు ఉండేవి. వర్క్‌షాపులో చేసినట్టే ప్రతి పంపుకూ ఒక జాబ్ కార్డు రాస్తాను. రైతు పేరు, ఏ భాగం మార్చాను, బెంచ్ మీద ముందు ఎంత వచ్చింది, తర్వాత ఎంత వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. మార్చిన పాత భాగాలను సంచిలో కట్టి చేతికిస్తాను. మొదట్లో ఈ రాతలన్నీ ఎందుకని అన్నవారే ఇప్పుడు ఆ కార్డు అడిగి తీసుకుంటున్నారు. షాపుకు నేను ఏదో పేరు రాయించాను గాని, ఊళ్లో దాన్ని మిలిటరీ ఆయన షాపనే పిలుస్తారు.

అరువు విషయంలో నాకు ఇంకా కుదురు చిక్కలేదు. పత్తి, మిర్చి చేతికొచ్చాక ఇస్తామనే రైతును కాదనలేను. అతను అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు, మా నాన్న కూడా అలాగే బతికాడు. అయితే ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు నేను నగదుకు కొంటాను, నెలకు 15,000 పైచిలుకు వాయిదా తేదీకి కట్టాలి. అందుకని విడిభాగాల డబ్బు ముందే తీసుకుని, కూలి మాత్రమే పంట దాకా ఆపుతున్నాను. అక్టోబరు నాటికి ఇలా బయట ఉన్నది 60,000 దాటింది. పత్తి తీతలు మొదలయ్యాక కొందరు తెచ్చి ఇస్తున్నారు.

ఇప్పుడు ఒక కుర్రవాణ్ణి పనిలో పెట్టుకున్నాను. అతనికి మొదటి నెల భాగాలు కడగడం నేర్పాను, ఇప్పుడు నాజిళ్ల పీడనం చూడటం నేర్పుతున్నాను. పథకం వారి తనిఖీ ఇంకా జరగవలసి ఉంది, దానికోసం బిల్లులు, ఫొటోలు, జీతం చెల్లించిన రసీదులు ఒక ఫైలులో వరసగా పెడుతున్నాను. పఠాన్‌కోట్‌లో ఉన్న నా కోర్ మిత్రుడు వచ్చే ఏడాది డిశ్చార్జి అవుతున్నాడు, గిద్దలూరులో ట్రాక్టర్ల హైడ్రాలిక్ పని పెట్టాలని అతని ఆలోచన. బ్యాంకు, షెడ్డు సంగతి తర్వాత చూద్దామని చెప్పి, ముందుగా భార్యాపిల్లల ఆధార్ కార్డుల ఫొటోలు, సర్వీసు రికార్డు నకలు పంపమన్నాను. పోయిన ఆదివారం ఇద్దరం ఫోనులో ఒక్కొక్క తేదీ సరిచూసుకున్నాం. వాళ్ల అబ్బాయి పుట్టిన నెల రెండు చోట్లా వేర్వేరుగా ఉంది; పార్ట్-2 ఆర్డరు కోసం అతను సోమవారమే అర్జీ పెట్టాడు.